మా తాత తుపాకి, ఆయుధాల చట్టం

పోయిన నెల మా చిన్నాయన ఊర్నుంచి ఫోన్ చేసినాడు. "రేయ్, నీ ఆధార్ కాపీ ఒకటి, బాండ్ పేపర్ మీద సంతకం ఒకటి పంపించు" అన్నాడు. దేనికంటే తాత తుపాకికి. తాత పోయి ఏడాదిన్నర అయింది. అప్పట్నుంచి ఆ తుపాకి పోలీస్ స్టేషన్లో డిపాజిట్‌గా ఉంది. లైసెన్సు చిన్నాయన పేరుకు రావాలంటే మిగిలిన వారసులందరూ మాకేం అభ్యంతరం లేదని రాసివ్వాలి. మా నాయన లేడు కాబట్టి ఆయన వంతు నేను, అక్క సంతకం పెట్టాలి. అవ్వ వేలిముద్ర వెయ్యాలి.

అక్క రెండో రోజే పంపించేసింది. నేనే ఇంకా పంపలేదు. ఎందుకో ఫోన్లో చెప్పడం చేతకాక ఇక్కడ రాస్తున్నా. చిన్నాయనా, నువ్వు చదువుతావని తెలుసు. కోప్పడొద్దు, చివరిదాకా చదువు. నేను చదివింది కన్నడ మీడియం, తెలుగు రాయడం పెద్దయినాక నేర్చుకున్నా. తప్పులుంటే మామూలుగా కింద దిద్దే పెద్దవాళ్ళు ఈసారి కూడా దిద్దండి.

ముందు తుపాకి సంగతి. చూడనివాళ్ళు ఏదో సినిమాలో తుపాకి అనుకుంటారేమో. ఒంటి గొట్టం, మూతి వైపునుంచి మందు పోసి, గుడ్డపీలిక కూరి, గుండ్లు వేసి, మళ్ళీ కూరి, వెనక కేపు పెట్టి కాల్చేది. ఒకసారి పేలిస్తే రెండోసారికి సిద్ధం చేసేలోపల పంది పక్క ఊరి చేలో ఉంటుంది. మా ఊరు బాగేపల్లి తాలూకా, శనక్కాయ పండే నేల. చెనిక్కాయ అనండి, శెనక్కాయ అనండి, అడవిపందికి మూడూ ఒకటే. ఆ పందుల కోసమే తాతకు లైసెన్సు ఇచ్చినారు.

ఇది తాత పలుకుబడితో దొరికింది కాదు, చట్టంలోనే ఉంది. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ చదివితే నాకు ఆశ్చర్యమేసింది. పంట కాపాడుకోడానికి నిజంగా కావాలంటే మూతి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వాలి అని రాసుంది. రక్షణకో, ఆటకో అయితే 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్నటి గొట్టపు తుపాకి. మిగిలినవాటికి మాత్రం "సరైన కారణం" ఉందని అధికారికి నమ్మకం కలగాలి. అంటే రైతు నాటు తుపాకికి ఒక దారి, పట్నంలో పిస్తోలు అడిగేవాడికి ఇంకో దారి. కానీ అదే ప్రభుత్వం 1972లో వన్యప్రాణి చట్టం తెచ్చింది. దాని ప్రకారం అడవిపందిని అనుమతి లేకుండా కాల్చకూడదు. పంట కోసం తుపాకి ఇచ్చి, పంట తినేదాన్ని కాల్చొద్దు అంటారు. మా తాత దీనికి కనిపెట్టిన మార్గం: ఉత్త మందు కూరి శబ్దం చెయ్యడం. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాణ్ణి. రెండు మాడ్యూళ్ళు విడివిడిగా సరిగ్గా పనిచేసి, కలిపితే గొడవ పడేవి రోజూ చూస్తుంటా. కాబట్టి పెద్దగా నవ్వలేదు.

ఇక చరిత్ర. మనవాళ్ళు కదిరి వైపునుంచి ఈ పక్కకు వచ్చినారని అవ్వ చెప్పేది. ఎప్పుడో తెలీదు, ఎందుకో కూడా ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్తారు. కానీ ఆ కాలంలో ఈ నేలలో ఆయుధం లేని ఊరే లేదు. మన పక్కనే గుమ్మనాయకనపాళ్యం కోట ఉంది కదా, పాలెగాళ్ళది. పాలెగాడికి బంట్లు, ఊరికి తలారి, కట్టుబడివాళ్ళు. కట్టుబడివాళ్ళకు జీతం బదులు ఇనాం పొలం. దొంగ పడితే పట్టుకోవాల్సింది వాళ్ళే. 1800లో నిజాం నుంచి బళ్ళారి, కడప సీమలు కంపెనీ చేతికి వచ్చినప్పుడు థామస్ మన్రో అక్కడికి వచ్చినాడు. ఎదురుగా 80 మంది పాలెగాళ్ళు, వాళ్ళ కింద దాదాపు 30 వేలమంది ఆయుధాలు పట్టినవాళ్ళు. ఏడేళ్ళలో వాళ్ళను అణిచేసినాడు. మన్రోను మంచి దొర అని రాయలసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు, పేరు కూడా పెట్టుకున్నారు. మంచి దొరే కావచ్చు. ఊరి కాపలాను ఊరి చేతిలోంచి తీసుకున్నది కూడా ఆ కాలమే.

తమిళనాడులో ఉన్న మన చుట్టాలకు కట్టబొమ్మన కథ కొత్త కాదు. ఇంట్లో తెలుగు మాట్లాడే వంశం వాళ్ళది. 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరి తీసినారు. రెండేళ్ళకు, 1801 డిసెంబరులో, మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ ఒక ప్రకటన వేసినాడు. దక్షిణ పాళెయాల్లో కోటలు పడగొట్టాలి, జనం ఆయుధాలు అప్పగించాలి అని. మన దేశంలో ఒక సీమ మొత్తాన్ని కాగితం మీద నిరాయుధం చేసిన తొలి సందర్భాల్లో ఇదొకటి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో లేచినప్పుడు వెంట నడిచినవాళ్ళలో ఇనాములు పోయిన కట్టుబడివాళ్ళు ఉన్నారు. ఆయుధం పోతే కోపం వచ్చేది అది ఒట్టి ఇనుము కాబట్టి కాదు, దాని వెనక పొలం, మర్యాద, కూడు ఉన్నాయి కాబట్టి.

దీన్ని నేను తెలుగులో కాదు, కన్నడలో నేర్చుకున్నా. ఇస్కూల్లో మా కన్నడ మేష్ట్రు హలగలి బేడర కథ చెప్పినాడు. ఆ లావణి ఇప్పుడు పదో తరగతి కన్నడ పుస్తకంలో ఉంది, మన పిల్లల్ని అడగండి. బేడరు అంటే మన తెలుగులో బోయలు. హలగలి బాగలకోట జిల్లాలో ఊరు, అప్పట్లో ముధోళ సంస్థానం. 1857లో ఉత్తరాదిలో సిపాయిలు లేచినాక కంపెనీ ఆయుధాల చట్టం ఒకటి తెచ్చింది. ఉన్న ఆయుధం తెచ్చి చూపించి రాయించుకోవాలి, లేకుంటే లాక్కుంటారు. బేడరకు వేటే బతుకు. కొందరు వెళ్ళి రాయించుకున్నారు. హలగలివాళ్ళు కుదరదన్నారు. జడగ, బాల, హనుమ, రామ అనే నలుగురి పేర్లు లావణిలో వస్తాయి. నవంబరులో తెల్ల సైన్యం వచ్చి ఊరిని చుట్టుముట్టి ఇళ్ళకు నిప్పు పెట్టింది. డిసెంబరులో 19 మందిని ఉరి తీసినారు, ముధోళలో కొందరిని, హలగలిలోనే కొందరిని.

ఆ లావణి మనదాకా రావడానికి కారణం ఇంకో తెల్లదొర. జాన్ ఫ్లీట్ అని శాసనాలు చదివే అధికారి, 1880లలో కన్నడ జానపద పాటలు సేకరించి 'ఇండియన్ ఆంటిక్వెరీ' పత్రికలో అచ్చు వేయించినాడు. అందులో హలగలి పాట ఉంది. ఊరు తగలబెట్టిన ముప్పై ఏళ్ళ లోపల అదే సర్కారు అధికారి ఆ పాటను రాసిపెట్టడం, దాన్ని నేను బాగేపల్లి పక్క ఇస్కూల్లో వినడం, ఎంత చుట్టు తిరిగి వచ్చిందో చూడండి. మేష్ట్రు చెప్తుంటే నాకు ఇంట్లో గోడకు తగిలించిన తాత తుపాకే కనిపించింది. సాయంత్రం ఇంటికి పోయి "తాతా, తెల్లోళ్ళు వస్తే ఇచ్చేస్తావా?" అని అడిగినా. "తెల్లోళ్ళు ఎందుకురా, ఎలక్షన్ వస్తే నేనే పోయి ఇచ్చొస్తాండా కదా" అన్నాడు. ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు స్టేషన్లో పెట్టిరమ్మనేవాళ్ళు. ఆ నెల్లోనే పందులకు కూడా ఎలక్షన్ సంగతి తెలిసినట్టు చేలో పడేవి.

1860లో ఒక విచిత్రం జరిగింది. ఆ ఏడు ఇంకో ఆయుధాల చట్టం వచ్చింది, ఆ ఏడే భారత శిక్షాస్మృతి కూడా వచ్చింది. శిక్షాస్మృతిలో 96 నుంచి 106 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించి. ఒంటినే కాదు, ఆస్తిని కూడా, మన ఒంటినే కాదు, పక్కవాడి ఒంటిని కూడా కాపాడొచ్చు. రాత్రిపూట ఇంటికి కన్నం వేసినవాణ్ణి, దోపిడీకి వచ్చినవాణ్ణి ఎదిరిస్తూ ప్రాణం తీసినా నేరం కాని సందర్భాలున్నాయి. ఈ చట్టానికి ముసాయిదా రాసిన మెకాలే కమిషన్ 1837లోనే చెప్పింది: ఈ దేశపు జనం ఈ హక్కును ఎక్కువ వాడతారనే భయం కంటే, వాడకుండా ఊరుకుంటారనే బాధ తమకు ఎక్కువ అని. అంటే ధైర్యంగా తిరగబడు అని ఒక చట్టం, చేతిలో ఏముందో చూపించి అప్పగించు అని ఇంకో చట్టం. ఆ సెక్షన్లు ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉన్నాయి. నెంబర్లు మారినాయి, విషయం దాదాపు అదే. హద్దు కూడా అదే: అవసరానికి మించి దెబ్బ కొట్టకూడదు, పోలీసుల దగ్గరికి పోయే వ్యవధి ఉంటే ఈ హక్కు లేదు.

1878లో లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు వచ్చిన చట్టం అన్నిటికంటే చెడ్డపేరు తెచ్చుకుంది. మనవాళ్ళకు లైసెన్సు తప్పనిసరి, తెల్లవాళ్ళకు మినహాయింపు. 1887లో మద్రాసులో మూడో కాంగ్రెసు జరిగినప్పుడే దీనిమీద తీర్మానం వచ్చింది, అప్పటికి కుర్రవాడైన బిపిన్ చంద్ర పాల్ మాట్లాడినాడు. గాంధీగారి పేరు ఇక్కడ వస్తే మీరు నమ్మరు. 1918లో ఖేడాలో సైన్యంలో చేరమని పంచిన కరపత్రంలో, ఒక జాతినంతా నిరాయుధం చేసిన ఈ చట్టం బ్రిటిష్ పాలన చేసిన పాపాల్లో అన్నిటికంటే నల్లదని రాసినాడు. తుపాకి హక్కు కావాలనేవాళ్ళు ఇప్పుడు ఈ ఒక్క మాట పట్టుకుని తిరుగుతారు, అది ఏ సందర్భమో చెప్పరు. 1930 జనవరిలో ఆయన పెట్టిన పదకొండు కోరికల్లో చివరిది కూడా ఇదే: ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులు ఇవ్వాలి, కాకుంటే ప్రజల అదుపులో. ఆ చివరి మాట కూడా వాళ్ళు చెప్పరు. 1931 కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల జాబితాలో నియమాలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కును చేర్చింది.

ఈ లోపల మన మన్యంలో అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడినాడు. డబ్బు కోసం కాదు, తుపాకుల కోసం. మనకు ఇంకా దగ్గర ఊరి మాట ఒకటి. గౌరీబిదనూరు తాలూకా విదురాశ్వత్థంలో 1938 ఏప్రిల్ 25న జెండా పట్టుకుని కూడిన జనం మీద పోలీసులు కాల్చినారు. మనలో చాలామంది ఆ చెట్టు కింద నాగప్రతిష్ఠకు పోయి, పక్కనే ఉన్న స్మారకం చూడకుండా వచ్చేస్తారు.

నన్ను బాగా కుదిపింది మాత్రం 1948. ఆ ఏడు జనవరి 30న గాంధీగారు పిస్తోలు గుండ్లకు పోయినారు. తెలంగాణలో రజాకార్ల మీద ఊళ్ళు వడిసెలలతో, కారప్పొడితో, దొరికిన నాటు తుపాకులతో నిలబడుతున్నాయి. బైరాన్‌పల్లి అని ఇప్పటి సిద్దిపేట జిల్లాలో ఊరు. ఊరి నడుమ బురుజు, దాని మీద కాపలా, రజాకార్లు కనబడితే నగారా. చాలాసార్లు తిప్పికొట్టినారు. ఆగస్టు 27న నిజాం సైన్యం ఫిరంగి తెచ్చింది. ఆ రోజు ఎనభై మందికి పైగా చనిపోయినారు. మూడు వారాలకు భారత సైన్యం హైదరాబాదులోకి వచ్చింది. నాటు తుపాకి ఆ ఊరిని కాపాడిందా, కాపాడలేదా? చాలాసార్లు కాపాడింది, ఒకసారి కాపాడలేకపోయింది. ఫిరంగి ముందు మా తాత తుపాకిలాంటిది ఏం చేస్తుంది?

ఇది జరిగిన మూడు నెలలకు, డిసెంబరు మొదట్లో, ఢిల్లీలో రాజ్యాంగ సభ. ప్రాథమిక హక్కుల చర్చ. హెచ్.వి. కామత్ లేచి, ఆయుధం ఉంచుకునే, పట్టుకునే హక్కును కూడా చేర్చండి అని సవరణ పెట్టినాడు. మంగళూరులో పుట్టి, ఐసీఎస్ ఉద్యోగం వదిలేసి, బోసు వెంట పోయిన మనిషి. ఆయన వాదన సూటిగా ఉంది: బ్రిటిషువాడు మనల్ని నిరాయుధం చేసినాడని ఇన్నేళ్ళు తిట్టినాం, కరాచీలో మాటిచ్చినాం, ఇప్పుడు సొంత రాజ్యాంగంలో ఎందుకు రాయం? అంబేడ్కర్ ఒప్పుకోలేదు. ఇప్పుడు మనం పట్టుబట్టాల్సింది ఆయుధం పట్టే హక్కు గురించి కాదు, దేశానికి అవసరం వచ్చినప్పుడు ఆయుధం పట్టాల్సిన బాధ్యత గురించి అన్నాడు. ప్రతివాడూ బజారుకు పోయి ఏ అడ్డూ లేకుండా ఆయుధం కొనుక్కుంటే ప్రభుత్వం నడిచేదెట్లా అని అడిగినాడు. సవరణ ఓడిపోయింది. సభలో ఎవరి మనసులో బైరాన్‌పల్లి ఉందో, ఎవరి మనసులో జనవరి 30 ఉందో చెప్పలేం.

నేను మొదట కామత్ వైపే ఉన్నా, హలగలి విన్న పిల్లవాణ్ణి కదా. ఇప్పుడు అంబేడ్కర్ మాట ఎక్కువ సబబుగా అనిపిస్తుంది. హక్కు అని రాస్తే అది మా తాతకు ఒక్కడికే రాదు. పొలం నూరెకరాలున్నవాడికి ఐదు తుపాకులు, కూలివాడికి కాగితం మీద హక్కు. ఊళ్ళో ఎవరి ఇంట్లో తుపాకి ఉండేదో, ఎవరి ఇంట్లో ఉండేది కాదో మనకు తెలీదా? చిన్నాయనా, మన మాదిగవాడలో ఒక్క ఇంటికైనా లైసెన్సు ఉండేదేమో చెప్పు. పంది వాళ్ళ చేలో కూడా పడేది కదా.

టెక్సాస్‌లో ఉన్న మా అత్త కొడుకు ఈ మాట ఒప్పుకోడు. అక్కడ హక్కు 1791 నుంచి రాజ్యాంగంలో ఉంది, పరిస్థితి వేరు, వాదించి లాభం లేదు. కానీ వాడు అడిగిన ఒక ప్రశ్న మంచిది: "మన దేశంలో కూడా కొందరికి హక్కుగానే ఉంది కదా, కొడగులో?" నిజమే. 1861లో మార్క్ కబ్బన్, మన బెంగళూరు కబ్బన్ పార్కు కబ్బనే, కొడగువాళ్ళను ఆయుధాల చట్టం నుంచి మినహాయించినాడు. వాళ్ళ విధేయతకు, సేవకు మెచ్చి. ఆ మినహాయింపు స్వతంత్రం వచ్చినాక కూడా నిలిచింది. కొడవ జాతివాళ్ళకు, జమ్మా భూమి ఉన్నవాళ్ళకు లైసెన్సు అక్కర్లేదు. 2019లో కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది. వివక్ష అని ఒకాయన కోర్టుకు పోతే 2021లో కర్ణాటక హైకోర్టు మినహాయింపు సరైనదే అంది. అక్కడ కైల్‌పోద్ పండగకు కోవిని పూజిస్తారు, కొడుకు పుడితే ఒక గుండు, మనిషి పోతే రెండు గుండ్లు గాల్లోకి కాలుస్తారు. వాళ్ళ ఆచారం మీద నాకు గౌరవమే. కానీ హలగలివాడికి ఉరి పడిన నాలుగేళ్ళలోపే కొడగువాడికి మినహాయింపు దొరకడం మాత్రం గొంతులో అడ్డం పడుతుంది. వేటే బతుకైనవాడు ఇద్దరిలో ఎవరు?

ఇప్పుడు మన ఇంటి సంగతి. చిన్నాయనకు తుపాకి ఎందుకు కావాలో నాకు తెలుసు. ఆయన పదహారేళ్ళవాడుగా ఉన్నప్పుడు తోటింట్లో పడుకున్న పక్క రైతును కట్టేసి దొంగలు దోచుకున్నారు. మర్నాడు రాత్రి మన తోట దగ్గర కుక్కలు మొరిగితే తాత గాల్లోకి కాల్చినాడు, మనుషులు పరిగెత్తిన చప్పుడు వినబడింది. స్టేషన్ ఇరవై కిలోమీటర్లు, అప్పుడు ఫోన్ లేదు. ఆ చప్పుడు వినకుండా నేను చట్టం గురించి మాట్లాడటం తేలిక.

కానీ దానికి ముందు జరిగిన రాత్రి ఇంకోటి ఉంది. మా నాయన నాకు చెప్పింది. తాతకు, వాళ్ళ అన్నకు గట్టు తగాదా ముదిరింది. పెద్దతాత కొడుకులు తాగి, కట్టెలు పట్టుకుని వాకిట్లో నిలబడి బూతులు. తాత మందు కూరినాడు, గుండ్లు వేసినాడు, కేపు కోసం వెదికితే డబ్బా లేదు. అవ్వ సాయంత్రమే దాన్ని రాగుల కుండలో పూడ్చేసింది. తాత ఇల్లంతా వెదుకుతూ అవ్వను తిడుతూనే ఉన్నాడు. వాకిట్లోవాళ్ళు అరిచి అరిచి, పెంకుల మీద రెండు రాళ్ళేసి వెళ్ళిపోయినారు. నేను ఆ సెక్షన్లన్నీ పక్కన పెట్టుకుని ఆ రాత్రిని చాలాసార్లు పరీక్షించి చూసినా. తాత కాల్చుంటే అది ఆత్మరక్షణా? వాళ్ళు గడప దాటలేదు. చేతుల్లో కట్టెలే. కోర్టులో ఏమయ్యేదో గాని, ఆ ముగ్గురిలో ఒకాయన ఇప్పుడు నాకు పెద్దనాయన, తాత పోయినప్పుడు పాడె ముందు కొమ్ము మోసినవాడు.

లైసెన్సు ఇప్పుడు ఐదేళ్ళకొకసారి. చిన్నాయనకు డీసీ ఆఫీసు చుట్టూ తిరగడం కష్టం కాదు, పందులు కూడా తగ్గలేదు. ఇవన్నీ ఒప్పుకుంటా. నిన్న ఆదివారం అవ్వకు వీడియో కాల్ చేసి, "అవ్వా, నువ్వు వేలిముద్ర వేసినావా?" అని అడిగినా. ఇంకా వెయ్యలేదంట. ఎందుకంటే, "ముందు ఆ కేపుల డబ్బా తెచ్చి నా చేతికిమ్మన్నా. యాడుందో మీ చిన్నాయన చెప్పడం లే" అనింది.